నాచుగుంట

మా వైపు గుంటంటే ఆడపిల్ల.
గుంటంటే గొయ్యి కూడా.
నౌపడలో ఉప్పు పండటం మానేసిన మడుల్లో
నాలుగు నాచుగుంటలకి
కాపలా గుంటని నేను.

మోకాలు మునగని లోతు.
నడుమ ఒక చక్రం రాత్రీ పగలూ నీళ్ళని తిప్పుతుంది,
గానుగెద్దుకి చెరువులో పని దొరికినట్టు.

మా అమ్మ టెక్కలిలో నాలుగిళ్ళ పాచిపని చేసింది.
గిన్నెల పాచి, గచ్చు పాచి.
ఒకసారి కుళాయి దగ్గర పాచి మీదే జారి
మణికట్టు విరగ్గొట్టుకుంది.
బీయస్సీ చదివి ఏం చేస్తున్నావే అంటే
పాచి పెంచుతున్నానన్నాను.
చాలాసేపు నవ్వింది.
తర్వాత అడిగింది, "జీతమెంతిస్తారే?"

కురమయ్య తాత ఇదే మడిలో నలభయ్యేళ్ళు ఉప్పు లాగాడు.
సీసా చూపించి, ఇందులో నూనుంది తాతా, అన్నాను.
వేలు ముంచాడు, నాలిక మీద రాసుకున్నాడు, ఉమ్మేశాడు.
"నువ్వులకి గానుగుంది, కొబ్బరికి గానుగుంది,
దీన్ని ఏ గానుగలో ఏస్తావే గుంటా?"

మా సారు ఆర్నెల్లుగా గీస్తున్న గీతలన్నీ
ఆ మాట దగ్గరికొచ్చే ఆగుతాయి.
లీటరు నీళ్ళు వడగడితే
ముక్కుపొడుం పట్టంత.
వడగట్టేందుకు మోటారు, ఆరబెట్టేందుకు హీటరు,
వాన పట్టిందంటే మళ్ళీ హీటరు.
దీపానికి నూనె తీస్తూ
వచ్చే నూనెకన్నా ఎక్కువ దీపం కాలుస్తున్నాం.
పలాస జీడి బట్టీల పొగ తెచ్చి తాగిస్తే
రెండింతలు పెరుగుతుందట ఇది.
ముప్పై కిలోమీటర్ల పొగని
ఏ లారీలో ఎక్కించాలో ఆయనింకా చెప్పలేదు.

దసరా వెళ్ళిన వారానికి
మూడో గుంట ఒక్క రాత్రిలో పలచబడింది.
తెల్లారేసరికి పాలు లేని టీ.
మైక్రోస్కోపు కింద
కంటికానని పురుగులు, మూతి చుట్టూ వెంట్రుకలు తిప్పుకుంటూ,
మూడో బంతి లేచినా లేవని పెళ్ళివారిలా.
ఏడవలేదు.
చున్నీ ముక్కుకి కట్టుకుని బ్లీచింగు చల్లాను.
పుస్తకంలో రాశాను: గుంట మూడు, సున్నా.

ఆ మధ్యాహ్నమే తాత నన్ను చివరి మడికి తీసుకెళ్ళాడు.
ఎవరూ నాటని, ఎవరూ తిప్పని అడుగు నీళ్ళు,
కుంకం కలిపినట్టు ఎర్రగా.
"ఈ రంగు తిరిగితే ఉప్పు బాగా దిగుతాదనేవోడు మా అయ్య.
పురుగు కూడా బతకదీ కారంలో."
బతికేది ఒకటుంది.
ఎండ కాల్చేకొద్దీ, ఉప్పు కొరికేకొద్దీ
ఒళ్ళంతా కెంపు పోసుకునే నాచు.
సారు దాన్ని చూసి మూడు ఫోన్లు చేశారు.
మందుల కంపెనీ వాళ్ళకి కావాలట ఆ రంగు,
నూనె లీటర్లలో అడుక్కుంటే
రంగు గ్రాముల్లో అమ్ముడుపోతుందట.
మంచిదే. జీతాలొస్తాయి.
కానీ భావనపాడు నూకరాజుకి నేను చెప్పింది డీజిలు.

మాట పోకూడదని
మూడు నెలల పంట పట్టుకెళ్ళాను, పావు లీటరు.
తెప్ప ఇంజను దగ్గింది, తిట్టింది, అందుకుంది.
ఏడు నిమిషాలు.
పొగ ఎండుమెత్తళ్ళ వాసన కొట్టింది.
"ఎళ్ళడానికి సరిపోతాదమ్మా,
రావడానికెలాగ?" అన్నాడు నూకరాజు,
నవ్వకుండా.

ఆదివారం అమ్మ వచ్చింది, నా గుంటలు చూడ్డానికి.
మాట్లాడుతూ మాట్లాడుతూనే చతికిలబడి
కొంగులోంచి పీచు తీసి గట్టు తోమడం మొదలెట్టింది.
అమ్మా వద్దే, అదే మా పంట!
చెయ్యి ఆగిపోయింది.
ఆకుపచ్చ దిగిన గోళ్ళకేసి చూసుకుంటూ
"అయితే ఇన్నేళ్ళూ నాను పారబోసిందేటే?" అంది.

గట్టు మీద పాచి మాకు పనికిరాదు,
జాతి వేరు.
ఆ మాట చెప్పలేదు.
చక్రం తిరుగుతూనే ఉంది.